మాన్యుఫాక్చర్డ్ హోముల్లో ఎలక్ట్రిక్ రేంజ్ మార్పిడి

ఫ్యాక్టరీలో మొత్తం ఇంటినీ కట్టేసి, అడుగున ఉక్కు చట్రానికి చక్రాలు బిగించి, లారీతో లాక్కొచ్చి స్థలంలో నిలబెట్టే ఇళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. వీటిని మాన్యుఫాక్చర్డ్ హోములంటారు. జనం నోట ఇప్పటికీ మొబైల్ హోములే. సుమారు రెండు కోట్ల మంది వీటిలో కాపురముంటున్నారని అంచనా. దక్షిణాది రాష్ట్రాల్లో, పల్లెల్లో, పట్టణాల శివార్లలోని పార్కుల్లో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఈ ఇళ్ల వంటగదుల్లో పైన నాలుగు పొయ్యిలు, కింద ఓవెన్ కలిసి ఒకే పెట్టెగా ఉండే కరెంటు పొయ్యిని ఎలక్ట్రిక్ రేంజ్ అంటారు. పాతది తీసేసి కొత్తది పెట్టుకోవడం పైకి చిన్న పనే. కొనేవాళ్ల దృష్టంతా వెడల్పు, రంగు, ధరల మీదే ఉంటుంది. నిజానికి ఈ పనిలో ప్రాణాల మీదికి తెచ్చేది రేంజ్ వెనక రేకు మూత కింద దాగి ఉండే చిన్న రాగి పట్టీ. స్థలం మీద కట్టిన పాత ఇళ్లలో కొన్నిచోట్ల చెల్లే ఆ పట్టీ, మాన్యుఫాక్చర్డ్ హోములో ఉండనే కూడదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ ఇల్లు ఎలాంటిదో, దానికి కరెంటు ఎలా వస్తుందో చూడాలి.

ఇల్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఇళ్ల కొరత తీవ్రంగా ఉండేది. షికార్లకు వాడే ట్రెయిలర్లలోనే జనం కాపురాలు పెట్టారు. 1950ల మధ్యకల్లా పది అడుగుల వెడల్పు ట్రెయిలర్లు వచ్చాయి. వాటిని ఒకసారి దింపాక మళ్లీ కదిలించేవాళ్లు తక్కువ. అయినా వాటికి వైరింగ్, పైపులు, తలుపులు ఏ కంపెనీకి తోచినట్టు ఆ కంపెనీ పెట్టేది. 1974లో కాంగ్రెస్ చట్టం చేశాక, గృహనిర్మాణ పట్టణాభివృద్ధి శాఖ రూపొందించిన జాతీయ ప్రమాణాలు 1976 జూన్ 15న అమల్లోకి వచ్చాయి. ఆ శాఖ పొట్టిపేరు హడ్ కాబట్టి వీటిని హడ్ కోడ్ అంటారు. ఫెడరల్ నిబంధనల 24వ శీర్షికలో 3280వ భాగం ఇదే. ఆ తేదీకి ముందు కట్టినవి మొబైల్ హోములు, తరవాతవి మాన్యుఫాక్చర్డ్ హోములు. రేంజ్ మార్చేవాళ్లకు ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే 1976కు ముందరి ఇంట్లో గోడ వెనక ఏముందో విప్పి చూస్తేగాని చెప్పలేం.

హడ్ కోడ్ ఇంటికి బయట ప్రతి భాగం మీదా ఎర్రని లోహపు ముద్ర ఉంటుంది. లోపల డేటా ప్లేట్ అనే కాగితం అంటించి ఉంటుంది. వంటగది అల్మారా తలుపు లోపలి వైపో, కరెంటు ప్యానెల్ దగ్గరో, పడకగది అల్మారాలోనో వెతికితే దొరుకుతుంది. ఫ్యాక్టరీలో బిగించిన పెద్ద పరికరాల కంపెనీ పేరు, మోడల్ నంబర్ దాని మీద రాసి ఉంటాయి. పాత రేంజ్ అసలుదా, మధ్యలో ఎవరో మార్చిందా అన్నది అక్కడే తేలిపోతుంది. మధ్యలో మార్చిందని తేలితే వైరింగ్‌ను ఇంకాస్త అనుమానంతో చూడాలి.

నాలుగో వైరు

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, ఒక ఫేజు, ఒక న్యూట్రలు. అమెరికా ఇళ్లకు వచ్చేవి రెండు లైవ్ వైర్లు, వాటికి ఉమ్మడిగా ఒక న్యూట్రలు. ఏదో ఒక లైవ్‌కీ న్యూట్రలుకీ మధ్య 120 వోల్టులు, రెండు లైవ్‌ల మధ్య 240. రేంజ్‌కి ఈ రెండూ కావాలి. పొయ్యిల కాయిళ్లు, ఓవెన్ హీటర్లు 240 మీద నడుస్తాయి. ఎనిమిది అంగుళాల కాయిల్ ఒక్కటే రెండు వేల వాట్లకు పైగా లాగుతుంది. చాలా రేంజ్‌లలో గడియారం, ఓవెన్ దీపం, కంట్రోల్ బోర్డు 120 మీద నడుస్తాయి. అందుకే రేంజ్ న్యూట్రలులో ఎప్పుడూ ఎంతో కొంత కరెంటు పారుతూనే ఉంటుంది. వీటికి తోడు ఎర్తు వైరు. రేకు బాడీని అది భూమికి కలుపుతుంది. అంతా సవ్యంగా ఉంటే దాంట్లో కరెంటు ఉండదు. రెండు లైవ్‌లు, న్యూట్రలు, ఎర్తు కలిపి నాలుగు వైర్లు.

అయితే దశాబ్దాలపాటు అమెరికా ఇళ్లలో రేంజ్‌కి మూడు వైర్లే వేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాగికి కటకట వచ్చి, రేంజ్ బాడీని న్యూట్రలుకే కలిపి ఎర్తు వైరు మిగిల్చుకోవచ్చని వైరింగ్ నియమాల పుస్తకమైన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ సడలింపు ఇచ్చింది. యుద్ధం ముగిసినా సడలింపు పోలేదు. స్థలం మీద కట్టే ఇళ్లలో కొత్తగా వేసే సర్క్యూట్లకు దాన్ని ఆపింది ఆ కోడ్ 1996 కూర్పు. అంతకుముందు వేసిన మూడు వైర్ల సర్క్యూట్లను కొన్ని షరతులతో ఇప్పటికీ అలాగే వాడుకోనిస్తారు. దుకాణాల్లో ఈనాటికీ రెండు రకాల తీగలు పక్కపక్కనే వేలాడుతుండటానికి కారణం ఇదే: నీమా అనే ప్రమాణాల ప్రకారం మూడు కాళ్ల ప్లగ్గుది 10-50 రకం, నాలుగు కాళ్లది 14-50. కొత్త రేంజ్‌కి కంపెనీలు సాధారణంగా తీగ ఇవ్వవు, మన గోడకున్న సాకెట్‌ను బట్టి కొనుక్కోవాలి. కంపెనీ ఇచ్చేది మొదట చెప్పిన రాగి పట్టీ. మూడు వైర్ల ఇళ్లకు పనికొచ్చేలా న్యూట్రలు టెర్మినల్‌ను, రేకు బాడీని కలుపుతూ అది ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది.

మాన్యుఫాక్చర్డ్ హోముకి ఆ సడలింపు వర్తించదు. ఎలక్ట్రికల్ కోడ్‌లో ఈ ఇళ్లకు ప్రత్యేకంగా 550వ ఆర్టికల్ ఉంది. రేంజ్‌లోనూ బట్టలారబెట్టే డ్రయ్యర్‌లోనూ న్యూట్రలు బాడీకి తగలకూడదని, నాలుగు వైర్ల తీగ, నాలుగు కాళ్ల ప్లగ్గే వాడాలని అది చెబుతుంది. ఎర్తు, న్యూట్రలు ఎక్కడో ఒకచోట మాత్రమే కలవాలి. మామూలు ఇంట్లో అది ఇంట్లోని మెయిన్ ప్యానెల్. మాన్యుఫాక్చర్డ్ హోములో మెయిన్ స్విచ్ సంప్రదాయంగా ఇంటి బయట స్తంభం మీదనో పీఠం మీదనో ఉంటుంది, కలయిక అక్కడే జరుగుతుంది. అక్కణ్నుంచి ఇంట్లోకి నాలుగు వైర్లు విడివిడిగా వస్తాయి. లోపలున్నది సబ్ ప్యానెల్ మాత్రమే. అందులో న్యూట్రలు తాలూకు తెల్ల వైర్ల పట్టీ, ఎర్తు వైర్ల పట్టీ వేరువేరుగా ఉండాలి.

ఇంటి అడుగు చట్రం ఉక్కు. పాత ఇళ్లకు గోడలకూ పైకప్పుకూ కూడా రేకే. కోడ్ ప్రకారం వీటన్నిటినీ ఎర్తుకు కలుపుతారు. ఇప్పుడు రేంజ్ వెనక ఆ పట్టీని తీయకుండా వదిలేశారనుకుందాం. న్యూట్రలు కరెంటులో కొంత భాగం ఎర్తు వైరులోకీ, దానితో కలిసి ఉన్న చట్రంలోకీ మళ్లుతుంది. పొయ్యి వెలుగుతుంది, ఓవెన్ కాలుతుంది, ఏ లోపమూ బయటపడదు. ఎప్పుడో బయట స్తంభం దగ్గర న్యూట్రలు లూజైతే ఇంట్లోని 120 వోల్టుల కరెంటంతా తిరుగుదారి కోసం ఎర్తు మీద పడుతుంది. ఆ ఎర్తు కూడా తుప్పు పట్టి తెగి ఉంటే రేకు గోడంతా లైవే. లోపలున్నవాళ్లకు తెలియకపోవచ్చు. తడి నేల మీద ఉత్తికాళ్లతో నిలబడి తలుపు పిడి పట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. మూడు వైర్లే వేసి బాడీని న్యూట్రలుకు కట్టిన చోట ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. ప్లగ్గులో న్యూట్రలు కాలు ఒక్కటి వదులైతే చాలు, ఓవెన్ దీపం గుండా వచ్చిన 120 వోల్టులు నేరుగా రేంజ్ బాడీ మీద కూర్చుంటాయి. పక్కనే కుళాయి.

ఈ ఇళ్లలో తరచూ జరిగే తప్పుపని ఒకటుంది. ఎవరో వాడిన రేంజ్ చవగ్గా దొరుకుతుంది. దానికి మూడు కాళ్ల తీగ ఉంటుంది. గోడకు నాలుగు కన్నాల సాకెట్ ఉంటుంది. అప్పుడు సాకెట్ పీకేసి మూడు కన్నాలది పెట్టేస్తారు. మార్చాల్సింది తీగను, సాకెట్‌ను కాదు. తీగ ఖరీదు రేంజ్ ఖరీదులో పిసరంత కూడా ఉండదు. మూడు కాళ్లను నాలుగుకు కలిపే అడాప్టర్లూ దొరుకుతాయి, ఇక్కడ అవి పనికిరావు.

తీయడం, తేవడం

ముందు బ్రేకర్ ఆపాలి. రేంజ్‌ది జంట బ్రేకర్, 40 లేదా 50 ఆంపియర్లది. పిడి కిందికి వేసినంత మాత్రాన కరెంటు పోయిందనుకోకూడదు, పాత బ్రేకర్లలో ఒక సగం అంటుకుపోయి ఉండొచ్చు. మీటరు పెట్టి రెండు లైవ్‌లనూ విడివిడిగా చూడాలి. నేల మీద విడిగా నిలబడే రేంజ్ అయితే ముందుకు లాగగానే తీగ, ప్లగ్గు కనిపిస్తాయి. 1970ల ఇళ్లలో చాలా చోట్ల డ్రాప్-ఇన్ రకం ఉండేది. అది కింద చెక్క దిమ్మ మీద కూర్చుని అంచులతో కౌంటర్‌కు వేలాడుతుంది. ఆకుపచ్చవో, పసుపు బంగారు రంగువో అయిన ఆ తరం రేంజ్‌లు ఇప్పటికీ అక్కడక్కడా వంట చేస్తున్నాయి. వాటికి తరచు ప్లగ్గు ఉండదు, వైర్లు నేరుగా పెట్టెలో కలిపి ఉంటాయి. అలాంటి దాన్ని తీసి నేల మీద నిలబడే రకం పెట్టాలంటే కింది చెక్క దిమ్మ కోసేయాలి. కోసేశాక బయటపడే నేల వంటగది నేలలా ఉండదు. వినైల్ షీటు అక్కడిదాకా వేసి ఉండరు, ఒట్టి పార్టికల్ బోర్డు కనిపిస్తుంది. సింకు నీరు పాకి ఉంటే అది బిస్కెట్టులా ఉబ్బి విరుగుతుంది. దాన్ని కోసి ప్లైవుడ్ వేసి, చుట్టుపక్కల నేలకు సమానం చేశాకే రేంజ్ మాట. వైరు పైకొచ్చిన కన్నం పెద్దదిగా ఉంటే ఎలుకలకు అది రాజమార్గం. ఇంటి అడుగున కట్టిన నల్ల పట్టాలో గూళ్లు పెట్టి పైకొస్తాయి. స్టీల్ పీచు కూరి మూసేయడం మంచిది.

కొత్తది లోపలికి తేవడం దగ్గర ఇంకో చిక్కు. మామూలు రేంజ్ వెడల్పు 30 అంగుళాలు. హడ్ కోడ్ బయటి తలుపుకు కనీసం ఇవ్వమన్న దారి 28 అంగుళాల వెడల్పు, 74 అంగుళాల ఎత్తు. కాబట్టి ఎదురుగా పట్టదు, పక్కకు తిప్పి లోతు వైపు నుంచి దూర్చాలి. లోతు కూడా ఓవెన్ పిడితో కలిపితే 28 దాటవచ్చు. ఓవెన్ తలుపును కీళ్ల దగ్గర లాక్ చేసి పైకెత్తి ఊడదీస్తే నాలుగైదు అంగుళాల దాకా కలిసొస్తాయి, బరువూ తగ్గుతుంది. కింది సొరుగూ తీసేయాలి. ఆర్డరిచ్చే ముందు తలుపును మాత్రమే కొలిచి ఊరుకుంటారు చాలామంది. మెట్ల పైన నిలబడే చోటును, లోపలి మలుపునూ కొలవాలి. డెలివరీ మనుషులు మూడడుగుల చెక్క మెట్ల మీద రేంజ్ పట్టుకుని నిలబడ్డాక ఆ లెక్క తీరిగ్గా చూసే వీలుండదు.

కనెక్షను

రేంజ్ వెనక కింది మూత విప్పితే మూడు స్క్రూల టెర్మినల్ బ్లాక్ కనిపిస్తుంది. అటూ ఇటూ లైవ్, మధ్యలో న్యూట్రలు. మధ్య స్క్రూ నుంచి రేకులోకి వంగి దిగేదే ఆ రాగి పట్టీ. కొన్ని మోడళ్లలో పట్టీకి బదులు పొట్టి ఆకుపచ్చ వైరు ఉంటుంది. దాన్ని విప్పి పక్కన పెట్టాలి. మోడల్‌ను బట్టి వివరం మారుతుంది: కొన్నిటిలో పట్టీని పూర్తిగా తీసేయాలి, కొన్నిటిలో మధ్య స్క్రూ నుంచి విడదీసి మడిచి ఎర్తు స్క్రూ కిందే ఉంచమంటారు. రేంజ్‌తో వచ్చిన చిత్రపటం చెప్పినట్టే చేయాలి. తరవాత తీగను రేకు కన్నంలోంచి దూర్చి బిగింపు క్లాంపు పెట్టాలి. అది లేకపోతే రేంజ్‌ని ముందుకు లాగినప్పుడల్లా లాగుడంతా స్క్రూల మీద పడుతుంది, రేకు అంచు తీగ పైతొడుగును కోస్తుంది. ఎర్ర, నల్ల వైర్లు బయటి స్క్రూలకు. వాటిలో ఏది ఎటున్నా ఫరవాలేదు. తెల్లది మధ్యకు, పచ్చది బాడీకి. ఈ రెండూ తారుమారు కాకూడదు. స్క్రూలను చేతికి గట్టిగా తగిలేదాకా బిగించాలి. టెర్మినల్ బ్లాకులు కాలి గోధుమరంగుకు తిరగడానికి కారణం చాలావరకు వదులు స్క్రూలే.

ప్లగ్గు పెట్టే ముందు ఒక పరీక్ష ఉంది. మీటరును కంటిన్యుటీలో పెట్టి ఒక కడ్డీ మధ్య స్క్రూకి, ఇంకోటి రంగు లేని రేకుకి తాకించాలి. మీటరు కూసిందంటే పట్టీ ఎక్కడో ఇంకా ఉన్నట్టే. గోడ సాకెట్లో రెండు లైవ్‌ల మధ్య 240, ఒక్కోదానికీ న్యూట్రలుకీ మధ్య 120, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య దాదాపు సున్నా రావాలి. ఆ చివరిది కొన్ని వోల్టులు చూపిస్తే తప్పు రేంజ్‌లో లేదు, ప్యానెల్‌లోనో స్తంభం దగ్గరో ఉంది. అది ఎలక్ట్రీషియన్ పని.

గోడలోని వైరు కూడా చూడాలి. 50 ఆంపియర్ల బ్రేకరుకు ఆరో నంబరు రాగి వైరు, 40కి ఎనిమిదో నంబరు మామూలు. 40 ఆంపియర్ల సర్క్యూట్ మీద 50 ఆంపియర్ల సాకెట్ ఉండటాన్ని కోడ్ ఒప్పుకుంటుంది. కొత్త రేంజ్ ఎక్కువ వాట్లదని ఎనిమిదో నంబరు వైరు మీద బ్రేకర్‌ను 50కి పెంచడమే కూడదు. 1960ల మధ్య నుంచి 1970ల మధ్య దాకా కట్టిన ఇళ్లలో అల్యూమినియం వైరు తగలవచ్చు. వేడెక్కి చల్లారే కొద్దీ అల్యూమినియం స్క్రూ కింద వదులవుతుంది, పైన ఆక్సైడ్ పొర కడుతుంది. రాగికీ అల్యూమినియానికీ రెంటికీ పనికొస్తుందని ముద్ర ఉన్న సాకెటే దానికి వాడాలి.

పైన అల్మారా, కింద నేల

ఈ ఇళ్లలో గదులు చిన్నవి, గోడలు పల్చన, పొయ్యి పైన వెంటనే చెక్క అల్మారా. అందుకే హడ్ కోడ్ రేంజ్ పైనున్న అల్మారా అడుగుకూ పక్కలకూ, రేంజ్ అంచు నుంచి ఆరంగుళాల దాకా, కనీసం 5/16 అంగుళం మందం జిప్సం బోర్డు గానీ దానికి సాటివచ్చేది గానీ వేయమంటుంది. పొయ్యికీ అల్మారాకూ మధ్య కనీసం 24 అంగుళాల ఎడం ఉండాలి. పాత డ్రాప్-ఇన్ తీసి వేరే ఎత్తుది పెట్టినప్పుడు, అల్మారా మార్చినప్పుడు ఈ రక్షణ పొర మాయమవుతుంటుంది. పొగ లాగే ఫ్యాను బయటికే వదలాలి, నిమిషానికి కనీసం 100 ఘనపుటడుగుల గాలి లాగాలి. వడపోసి మళ్లీ గదిలోకే వదిలే హుడ్‌లు చవక, బిగించడం సులువు, కానీ ఆ లెక్కలోకి రావు. ఎండుమిర్చి పోపు వేసే ఇంట్లో వాటి సంగతి తొలిరోజే తెలుస్తుంది.

రేంజ్‌తో పాటు చిన్న ఉక్కు బ్రాకెట్ ఒకటి వస్తుంది. 1991 నుంచి రేంజ్‌లకు ఇది తప్పనిసరి. ఓవెన్ తలుపు తెరిచి దాని మీద పిల్లవాడు ఎక్కితే మొత్తం రేంజ్ ముందుకు పడుతుంది, పైన మరిగే గిన్నెతో సహా. వెనక కాలు ఈ బ్రాకెట్‌లో దూరి ఉంటే పడదు. పల్చటి గోడ ప్యానెల్‌కి స్క్రూ బిగిస్తే పట్టు ఉండదు, లోపలి నిలువు చెక్కకో, గట్టి నేలకో దిగాలి. ఇల్లు మళ్లీ రోడ్డెక్కే పక్షంలో ప్రయాణంలో రేంజ్ కదలకుండా నేలకు బిగించి ఉండాలని కంపెనీల సూచనల్లోనే ఉంటుంది. ఇక ఇంటి కింది దిమ్మెలు ఏళ్ల తరబడి కుంగడం వల్ల నేల ఒక పక్కకు వాలుతుంది. పెనంలో నూనె ఎప్పుడూ ఒకే మూలకు చేరుతుంటే రేంజ్ కాళ్లు తిప్పి సరిచేయాలి. వాలు మరీ ఎక్కువైతే సరిచేయాల్సింది దిమ్మెలను.

గ్యాస్ నుంచి కరెంటుకు

ప్రొపేన్ పొయ్యి తీసి ఎలక్ట్రిక్ రేంజ్ పెట్టాలనుకుంటే అది మార్పిడి కాదు, కొత్త పని. ప్యానెల్ నుంచి కొత్త సర్క్యూట్ లాగాలి, గ్యాస్ పైపు మూతి మూసి లీకు పరీక్షించాలి, చాలా ఊళ్లలో పర్మిట్ తీసుకోవాలి. ఉన్నదాని స్థానంలో అలాంటిదే పెట్టడానికి అనేకచోట్ల పర్మిట్ అడగరు. ఇల్లు అమ్ముడయ్యాక చేసే మార్పులు స్థానిక అధికారుల చేతిలో ఉంటాయి కాబట్టి ఒక కౌంటీ మాట ఇంకో కౌంటీలో చెల్లదు. ఎలక్ట్రికల్ కోడ్ 2023 కూర్పు కొత్త రేంజ్ సర్క్యూట్లకు లీకేజీ కరెంటును పసిగట్టి ఆగే బ్రేకర్ పెట్టమంటోంది. దాన్ని ఏ రాష్ట్రం ఎప్పుడు అమలు చేస్తే అక్కడ అప్పుడే.

అసలు ప్రశ్న ఇంటికి వచ్చే కరెంటు సరిపోతుందా అన్నది. పాత పార్కుల్లో కొన్ని స్తంభాలు 50 ఆంపియర్లవి. 240తో గుణిస్తే 12,000 వాట్లు. పది వేలకు పైన, పన్నెండున్నర వేల లోపు వాట్ల రేంజ్‌కి 550వ ఆర్టికల్ లెక్కలో 8,000 వాట్లు పెట్టుకోవాలి. అన్ని పొయ్యిలూ ఓవెనూ ఒకేసారి పూర్తిగా వెలగవన్న ఊహ మీద తగ్గించిన అంకె అది. అలా తగ్గించినా గీజర్, దీపాలు, ఏసీ అన్నిటికీ మిగిలేది 4,000. లెక్క తేలదు. ఇప్పుడు స్థలంలో కనీసం 100 ఆంపియర్ల సర్వీస్ ఉండాలని కోడ్ కోరుతోంది. పార్కులో స్తంభం యజమానిది, ఇల్లు మాత్రమే కాపురమున్నవాళ్లది. కాబట్టి సర్వీస్ పెంచుకోవడం వైరింగ్ కన్నా బేరసారాల వ్యవహారంగా మారుతుంది.

కొత్త రేంజ్‌లలో తేడాలు

భద్రతా ప్రమాణం యూఎల్ 858ను సవరించాక, 2018–19 ప్రాంతం నుంచి కొత్త కాయిల్ రేంజ్‌లలో గిన్నె అడుగు వేడిని పసిగట్టే సెన్సర్ వస్తోంది. నూనె అంటుకునేంత వేడెక్కకముందే కాయిల్ ఆగి, చల్లారాక మళ్లీ వెలుగుతుంది. అమెరికాలో తెలుగువాళ్ల అద్దె ఇళ్లలో ఈ పొయ్యిల మీద వినిపించే ఫిర్యాదు, గారెల నూనె కాగడం లేదని. చాలాసార్లు కారణం అడుగు గుండ్రంగా ఉన్న బాణలే. సెన్సర్‌కి, కాయిల్‌కి గిన్నె అడుగు చదునుగా ఆనాలి. నున్నని గాజు పలక రకానికీ అదే నియమం. ఇండక్షన్‌లో దానికి తోడు అయస్కాంతం అంటుకునే లోహం కావాలి కాబట్టి ఇత్తడి, మామూలు అల్యూమినియం గిన్నెలు పనిచేయవు. ఇండక్షన్ రేంజ్‌లు కూడా ఎక్కువగా అదే 40, 50 ఆంపియర్ల సర్క్యూట్ మీద, అదే నాలుగు కాళ్ల ప్లగ్గుతో నడుస్తాయి. ఈమధ్య లోపల బ్యాటరీ పెట్టి, మామూలు 120 వోల్టుల సాకెట్‌తోనే పనిచేసే ఇండక్షన్ రేంజ్‌లూ వచ్చాయి. 50 ఆంపియర్ల స్తంభం ఉన్న పాత పార్కులకు ఇవి సరిగ్గా సరిపోతాయి, కానీ ధర కాయిల్ రేంజ్‌కి ఎన్నో రెట్లు.